జాబితాలోకి ఎక్కని పని

లైబ్రరీ అప్పుడే తెరిచారు. కౌంటరు మీద అట్ట నలిగిన నవల ఒకటి ఉంది. దానికి అటు లైబ్రేరియను, ఇటు కంప్యూటర్ల పని చూసే ఉద్యోగి కూర్చున్నారు.

"నిన్న సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి ఈ పుస్తకం ఇచ్చేసి వెళ్ళాడయ్యా. ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దన్నాడు."

"మంచిదే కదా మేడం. గడువు దాటితే నేను కంప్యూటర్లో రాసిపెట్టిన స్క్రిప్టే నోటీసు పంపుతుంది. మీరు రోజూ రెండు గంటలు కూర్చుని చేసే పని, ఇప్పుడు దానంతట అదే అయిపోతోంది."

"నిన్నేమీ అనడం లేదులే. లోపల తెరిచి చూడు."

"నూట పన్నెండో పేజీలో బస్సు టికెట్టుంది."

"వాళ్ళావిడ గుర్తుకి పెట్టుకుంది. అక్కడిదాకా చదివి కన్నుమూసింది. మూడేళ్ళుగా ఆయన దాన్ని కదపలేదు."

"మూడేళ్ళా? మరి ఇన్నాళ్ళూ నోటీసు వెళ్ళలేదా?"

"ప్రతి సోమవారం ఆ పుస్తకం గడువు నేనే పొడిగించేదాన్ని. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. పోయిన వారం నీ స్క్రిప్టు వచ్చాక గడువు దాటిన పుస్తకాల జాబితా తెరవడమే మానేశాను."

"మళ్ళీ ఆయనకే ఇచ్చేద్దాం మేడం."

"ఇవ్వబోయాను. ఇంకెవరైనా చదువుకుంటారులే అన్నాడు."

"స్క్రిప్టులో ఒక్క వరుస రాస్తే ఆ పుస్తకాన్ని వదిలేసేది. చేసే పనులన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పమని అడిగాను కదా మేడం. మీరు చెప్పిన పదకొండూ రాసుకున్నాను."

"అడిగావు. ఇది కూడా పనేనని నాకు తోచలేదు."