మూడో గొట్టంలో నా చెప్పు

కాపీ కొట్టిందెవరు బాబూ, మేమా? మీరు పంపిన కాగితం నా ఒళ్ళోనే ఉంది. మా కోడలు ఇందాక రెండుసార్లు చదివి వినిపించింది. మొదటిసారి నవ్వింది, రెండోసారి ఏడ్చింది. అడుగున నంబరుందంటే నేనే కొట్టమన్నాను. అంత పెద్ద కార్ల కంపెనీ వాళ్ళు, ఫోనెత్తుతారనుకోలేదు సుమా!

ఆఁ, ఆ పేరు మా ఆయనదే. లేడు బాబూ. పోయాడు. ఏడాది కూడా తిరగలేదు. అయ్యో, నువ్వెందుకు నొచ్చుకుంటావ్, నీకేం తెలుసు? కాకపోతే పోయిన మనిషికి నోటీసేంటా అని. "ఇకమీదట సదరు శబ్దం చేయరాదు" అని రాశారు. చెయ్యడులే. ఆయన వైపు నుంచి మీకే ఇబ్బందీ రాదు.

నవ్వొస్తే నవ్వేసెయ్యి. ఆపుకోకు. నేనేం అనుకోను.

సరే, విషయానికొస్తా. మీరు కొత్త కారు తెచ్చారు. దానికో హారన్ పెట్టారు. పాం... పీం... తర్వాత హిక్కుమని చిన్న ఎక్కిలి, అప్పుడు పోం. ఆ కూత మాది, రిజిస్టరు చేయించుకున్నాం, ఇంకెవరూ కూయించకూడదు అంటున్నారు. మా సామాన్ల వ్యానుకున్నది దానికి కాపీ అంటున్నారు. మా కోడలు, మామయ్యగారి గుర్తని ఫోన్లో వీడియో పెట్టిందే, అది తీసెయ్యాలి. వ్యాను మీదున్న హారన్ ఊడదీసి మీకు పంపాలి. తప్పు మాదేనని నేను వేలిముద్ర వెయ్యాలి. అంతేనా? ఏదైనా మర్చిపోయానా?

మరి నేనొకటడుగుతాను. మీ కారుకి ఎక్కిలెందుకొచ్చింది?

ఏంటీ? డిజైనా! అబ్బో!

బాబూ, అది డిజైనూ కాదు, పాడూ కాదు. అది నా చెప్పు.

అదేనయ్యా, కాలికేసుకునేది. రబ్బరుది. నీలం రంగుది.

ఉండుండు, నాకు మతి పోలేదు. విను. ఆ వ్యాను మేం కొనేనాటికే ఎంతమంది చేతులు మారిందో దేవుడికే తెలియాలి. దాని నెత్తిన మూడు గొట్టాల గాలి హారన్. మూడో గొట్టంలో గాలిని ఆపి వదిలే రబ్బరు బిళ్ళ ఒకటుంటుందిట, అది కాస్తా చీకిపోయింది. కొత్తది దొరకలేదు. ఓ రోజు నేను బజారుకి బయల్దేరి చూస్తే గుమ్మంలో ఒక్కటే చెప్పు! ఇల్లంతా వెతికాను. కుక్కే ఎత్తుకుపోయిందని నానా మాటలూ అన్నాను. పాపం, అది మొహం వేలాడేసుకుని మంచం కింద దూరింది. ఇంతలో వ్యాను కింద నుంచి మా ఆయన, "ఏమేవ్, ఇదిగో విను!" అని ఒకటే కేక.

పాం... పీం... హిక్... పోం!

నా చెప్పు మడమ దగ్గర గుండ్రంగా కోసి ఆ గొట్టంలో పెట్టేశాడు మహానుభావుడు. నా చెప్పు మందం కదా, తెరుచుకోడానికి కాస్త బద్ధకిస్తుంది. అదీ ఎక్కిలి. మిగిలిన చెప్పు పుచ్చుకుని వ్యాను చుట్టూ తరిమాననుకో! ఆయన నవ్వుతూ పరిగెత్తుతూ, "అచ్చం నీలాగే ఉందే, మధ్యలో ఊపిరి తీసుకుని మరీ అరుస్తోంది" అన్నాడు.

అప్పట్నుంచీ వీధి మలుపు తిరిగితే చాలు, అదే కూత. అది చెవిన పడగానే నేను టీకి నీళ్ళు పడేసి గేటు తీసేదాన్ని. ఆ మనిషి దిగి గేటు తీసుకున్న రోజు ఒక్కటి లేదు. మహారాజు మరి!

ఏంటి, ఆధారమా? ఎందుకు లేదు? మీ మనిషే ఆధారం.

కిందటి వానాకాలం కాదు, ఆ ముందుది. ఒళ్ళంతా నల్లా తెల్లా చారల కాగితం అతికించిన కారొకటి నీళ్ళల్లో ఆగిపోతే, మా ఆయన తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. అందులో మీ కంపెనీ ఆయన. ఆ కారు ఇంకా బయటికి రాలేదుట, దాని మొహం ఎవరూ చూడకూడదుట. సామాన్లు తడవకుండా కప్పే మా పట్టా అడిగి కప్పాడు. చాలక మా దుప్పటి కూడా కప్పాడు. మా ఆయన్నయితే అటు తిరిగి నించోమన్నాడు! "ఏమనుకోకండమ్మా, ఎవరైనా చూస్తే కాపీ కొట్టేస్తారు" అని నాతో అన్నాడు. మా టీ తాగి, ఆ నోటితోనే అన్నాడు.

వింత మనిషిలే. కంటికంటే చెవే ముందు. చెంచాతో మా గిన్నెలన్నీ కొట్టి విన్నాడు. మా తలుపు కిర్రుమంటే తీసీ మూసీ, తీసీ మూసీ వింటున్నాడు. మా ఆయన సిగ్గుపడి నూనె తెస్తే "వద్దొద్దు, పాడుచెయ్యకండి" అని చెయ్యి పట్టుకున్నాడు. మేం చెవులాయన అని పేరు పెట్టుకున్నాం. తెల్లారాక వెళ్తూ వెళ్తూ ఫోను పైకెత్తి, "పెద్దాయనా, ఆ హారన్ ఇంకోసారి కొట్టండి" అన్నాడు. మా ఆయన ఉబ్బితబ్బిబ్బైపోయాడు. ఇంకోసారేంటి, ఇంకోసారి, ఇంకోసారి, వీధంతా కిటికీలు తీసి తిట్టేదాకా కొట్టాడు. మేం మాత్రం ఏ దుప్పటీ కప్పలేదు నాయనా.

ఏం బాబూ, తెలిసిన మనిషేనా?

ఎందుకలా గొంతు తగ్గించావ్? పక్క గదిలోనే ఉంటాడా! ఇప్పుడు పెద్దాఫీసరా? సంతోషం. మా కూత పెట్టి కొన్నాడన్నమాట ఆ కుర్చీ.

లేదులే, నీ మీద నాకేం కోపం? రాయమన్నది రాశావ్.

ఏంటేంటీ, మళ్ళీ చెప్పవయ్యా. ఇదంతా నేను కాగితం మీద పెడితే మీ నోటీసు చెల్లదా? హారన్ మాదేనని మీవాళ్ళు ఒప్పుకోవాల్సొస్తుందా? ఆఁ... అప్పుడు మీ కార్లన్నిట్లోంచీ ఆ కూత తీసేస్తారా? కార్లు వెనక్కి పిలవక్కర్లేకుండా, గాల్లోంచే? ఒక్కసారే అన్నీ మూగబోతాయా?

నిజాయితీ గల పిల్లాడివయ్యా. నీ ఉద్యోగం మీదికొచ్చే మాట నువ్వే చెబుతున్నావు. ఇదిగో, మా కోడలు పక్కనుంచి ఊఁ అనమని సైగలు. దాని మొహం వెలిగిపోతోంది.

ఆగాగు. కంగారుపడకు. నీకో మాట చెప్పాలి.

మీరు ఆపమన్న హారన్ ఎప్పుడో ఆగిపోయింది బాబూ. ఆయన పోయాక సాయంత్రం పూట మా కోడలు వ్యానెక్కి నా కోసం ఒకసారి నొక్కేది. ఈ మధ్య ఆ చెప్పు ముక్క పొడిపొడి అయిపోయింది. ఇప్పుడు పాం అంటుంది, పీం అంటుంది, ఆ తర్వాత ఉస్సురుమంటుంది. రెండో చెప్పు దాచుంచాను కదా, మెకానిక్కుని పిలిచి దాన్నీ కోయించాను. ఆ అబ్బాయి పనిమంతుడు, బిళ్ళ సన్నగా అరగదీసి నున్నగా కూర్చాడు. హాయిగా, ఆరోగ్యంగా కూసింది. ఎక్కిలి లేదు. తీసి అవతల పారెయ్యమన్నాను. ఇప్పుడు రెండు చెప్పులకీ చిల్లులే.

మా వీధి చివర పళ్ళ డాక్టరున్నాడు. ఆయన కొన్నాడు మీ కారు. సాయంత్రం మలుపు తిరుగుతూ కొడతాడు. నేను టీకి నీళ్ళు పడేసి, మోకాళ్ళు పట్టుకుని వెళ్ళి గేటు తీస్తాను. కారు ఆగకుండా వెళ్ళిపోతుంది. మొదట్లో ఒళ్ళు మండేది. మా ఆయన కాదని నాకు తెలుసయ్యా. కాళ్ళకే తెలీదు.

ఇప్పుడు నేను గెలిచాననుకో. పళ్ళ డాక్టరు కారు మూగబోతుంది. అంతేగా?

అందుకని రాసుకో. తప్పు మాదే. కాపీ కొట్టింది మేమే. వేలిముద్ర వేస్తాను. నువ్వుండవే అమ్మాయ్, నన్ను చెప్పనీ! వీడియో తీసేస్తుందిలే. మూడు గొట్టాలూ పెట్టెలో పెట్టి పంపుతాం. లోపలంటుకున్న నా చెప్పు పొడి మాత్రం గీకి ఉంచుకుంటాను. దాన్ని మీరింకా రిజిస్టరు చేయించలేదుగా?

ఒక్కటి మాత్రం మీ చెవులాయనతో చెప్పు. మీరు చదువుకున్నవాళ్ళు, ఎప్పుడో ఒకరోజు లోపం కనిపెట్టి బాగుచేస్తారు. ఆ ఎక్కిలి జోలికి మాత్రం వెళ్ళొద్దను.

ఇదుగో... విన్నావా? నీకూ వినపడిందా? పళ్ళ డాక్టరే. తెలుసులేవయ్యా, నాకు తెలుసు.

ఉంటాను మరి. గేటు తియ్యాలి.