వేళ్ల తప్పు

భద్రాచలంలోని డీటీపీ సెంటర్‌లో ఉన్నది ఒకటే కంప్యూటర్. సాయంత్రం షిఫ్టుకు వచ్చిన ఆపరేటర్, టైపిస్టక్క చేతిలోని ప్రింటు చూడగానే నీరుగారిపోయాడు. నిన్న కంప్యూటర్‌లో అక్షరాల సెట్టింగును తనకు అలవాటైన కీబోర్డు పద్ధతికి పెట్టుకున్నాడు, వెళ్లేటప్పుడు తిరిగి మార్చలేదు.

"చూడు తమ్మీ, పెండ్లికార్డు మొత్తం పిచ్చి అక్షరాలే."

"స్క్రీన్ చూసుకోలేదా అక్కా?"

"టైపు మిషన్ మీద నేర్చినదాన్ని, కన్ను కాయితం మీదనే ఉంటది. జ్వరం వచ్చి లేచినకాడికెళ్లి వేళ్లు తప్పుతున్నయ్."

"వేళ్లు కాదక్కా, సెట్టింగు. జర జరుగు." మార్చాడు. ఎవరు చెడగొట్టారో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. "ఇప్పుడు కొట్టు."

"అవ్, మంచిగొచ్చింది! అయ్యో, ఓనర్ సార్‌కు చెప్పేసిన గదా, ఇగ నాతోని కాదు, నా పని తమ్మికే ఇయ్యిండ్రని."

"సార్ ఏమన్నడు?"

"సరేనన్నడు. గట్ల ఏడుస్తవేంది తమ్మీ? నువ్వేం చేసినవ్?"