పట్టుబడి

నాగాయలంకలో రొయ్యల చెరువు గట్టు మీది పాక. ఇంటర్ పరీక్ష రాసొచ్చేదాకా కాస్త చూసుకోమని బాబాయికిచ్చిన వీడియో గేమ్‌ని తిరిగి అందుకుని తెర చూడగానే కుర్రాడు గట్టిగా అరిచాడు.

"బాబాయ్, నా టీమేది?"

"ఏ టీమురా?"

"నా మాన్‌స్టర్లు! నిప్పుది, నీళ్ళది, రాతిది... ఒకదానికి చేతకాంది ఇంకోటి చూసుకునేట్టు ఏరి ఏరి కూర్చుకున్నాను. ఏడాదిగా పెంచుతున్నాను."

"అవా! భలే ఎదిగినయ్‌రా. అందుకే పట్టుబడి చేసేశాను."

"పట్టుబడేంటి?"

"చెరువులో పెద్ద రొయ్యల్ని పట్టేస్తేనే గదా పిల్లలకి మేత అందేది! వీటిని వదిలెయ్యమంటావా అని నీ గేమే అడిగింది. సరేనన్నాను."

"ఇవి మేత తినవు బాబాయ్!"

"తినకుండానే అంతంత అయినయ్యా?"

కుర్రాడు టీము మొత్తం వెతికాడు. తెర మీద మొన్న దొరికిన పచ్చ పురుగు ఒక్కటే మిగిలింది.

"సీడుకి ఒక పిల్లని ఉంచాను గదరా. రెణ్ణెల్లలో అదీ ఎదుగుద్ది."

"పోటీ రేపే బాబాయ్, బందర్లో! వదిలేసినవి ఇంక తిరిగి రావు."

బాబాయి తెర మీదికి వంగి చూశాడు.

"అసలు రావా?"

"రావు. పోన్లే, గేములోనే ఉండే పెట్టెలో ఇంకో ముప్పై దాచాను. రాత్రంతా కూర్చునైనా వాటిలోంచి ఇంకో టీము కట్టుకుంటాను."

బాబాయి చెరువు వైపు తిరిగిపోయాడు.

"ఆ పెట్టెలో మరీ కిక్కిరిసి ఉన్నయ్‌రా... ముందు దాన్నే పట్టుబడి చేశాను."