వంకర చక్రాల పంచాయితీ

రేపటి ట్రాక్ పందెం కోసం నిన్ననే పైభాగం లోపలికి వంగేలా పెట్టించిన తన స్పోర్ట్స్ కారు ముందు చక్రాలు నిటారుగా నిలబడి ఉండటం చూసి అక్షయ్ షాపులోకి దూసుకొచ్చాడు. కోరుట్లలో చక్రాల వంపులు సరిచేసే ఆ అలైన్‌మెంట్ షాపు దేవదాస్‌ది.

"దేవన్నా, నా బండిని ఎవడు ముట్టిండు?"

"వంకర కాళ్ల బండి సక్కగైతే సంబరపడాలె గని, గా మొకమేంది తమ్మీ?"

"మలుపులల్ల టైరు రోడ్డును పట్టాలంటే క్యాంబర్, అంటే చక్రం వంపు, గట్లనే ఉండాలె. గిట్లనే పోతే ట్రాక్ గోడకు గుద్దుత!"

"జగిత్యాల రోడ్డు గుంతలల్ల బతికినోనివి, గోడ నిన్నేం జేస్తది?"

"నవ్వులాట కాదన్నా. గీ షాపుల పానా పట్టేటోనివి నువ్వొక్కనివే."

దేవదాస్ తల వంచుకున్నాడు.

"పొద్దుగాల సంది పోయేటోళ్లంతా నీ బండిని జూసి 'దేవదాస్‌కు చక్రం సక్కగ పెట్టుడు గూడ రాదు' అని ఒకటే నవ్వుడు. ఒక్కొక్కనికి క్యాంబరంటే ఏందో చెప్పి చెప్పి నోరు పోయి, నేనే నిలువు జేసిన తమ్మీ."