రెండు పాదాలు ఇవతలికి

చెప్పకుండా జరిపేసింది బాబాయ్. ఒక్క మాట, ఒక్క మాటంటే ఒక్క మాటైనా అనలేదు నాతో. ఇందాక ప్రాక్టీసు ట్రాక్ మీద పాదం ముందు పాదం పెట్టి కొలుచుకుంటూ వెళ్ళి, టేపు ముక్క పీకి, రెండు పాదాలు ఇవతలికి తెచ్చి అంటించింది. నేను చూడట్లేదనుకుంది పాపం. ఓర్లాన్ సంగతే చెప్తున్నా, ఇంకెవరి సంగతి.

నువ్వు నొక్కుతూ ఉండు. తొడ నీకప్పగించేశాగా. నోరు నాది, కాసేపు మాట్లాడుకోనీ.

ఏంటలా చూస్తావ్, టేపు ముక్కకే ఇంత గొడవా అనా? ఇన్నేళ్ళ నుంచీ మా కండలు పిసుకుతున్నావు గానీ ఫిర్మాన్ బాబాయ్, రిలేలో మా బాధలు నీకెక్కడ తెలుస్తాయి. బ్యాటన్ అందుకునే పిల్ల వెనక్కి తిరిగి చూడదు కదా. తన వెనకాల నేల మీద టేపు అంటించుకుంటుంది. వచ్చేదాని కాలు ఆ టేపు దాటగానే ఇది ముందుకి ఉరుకుతుంది, చెయ్యి మాత్రం తర్వాత వెనక్కి చాపుతుంది. వచ్చేది వేగంగా వస్తుందని నమ్మకం ఉంటే టేపు దూరంగా పెడతారు. నమ్మకం తగ్గితే దగ్గరికి లాక్కుంటారు.

మరి దగ్గరికి లాక్కుందంటే ఏమిటి అర్థం? అక్కా, నీ పనైపోయింది అనేగా. అదేదో నోటితో అని ఉంటే వీపు మీద ఒకటిచ్చేదాన్ని, తర్వాత ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. టేపుతో ఏమని పోట్లాడను?

సరేలే, పొద్దున హీట్స్ నువ్వూ చూశావు. రెండో పరుగు నాది, మూడోది దానిది. ఎప్పటి చోటే ఉన్న టేపు నేను దాటాను, అది లేచింది. "హోప్" అని అరిచాను, చెయ్యి చాపింది. ఆ చెయ్యి కళ్ళముందే ఉంది బాబాయ్, అందదే. ఎంత సాగినా అందదే. బ్యాటన్ మార్చుకునే హద్దు గీత దాటాక ఇస్తే నలుగురం బయటికే. అది పరుగు చంపుకుని, దాదాపు నిలబడిపోయి, గీతకి జానెడు ఇవతల పుచ్చుకుంది. ఎలాగో ఫైనల్‌కి వచ్చాం, అందరికన్నా చివర.

ఒకప్పుడు ఇలా ఉండేదా చెప్పు. నూరు మీటర్లలో యూరప్ మొత్తానికి మూడోదాన్ని. ఆ రోజు సముద్రం అవతల దీవిలో మా ల మూల్ ఊరంతా అమ్మ రొట్టెల బండి దగ్గరే ఉందట. అమ్మ చేసే బొకిట్ నువ్వూ తిన్నావుగా, నూనెలోంచి తీసిన రొట్టెలో ఉప్పుచేప కూరి ఇస్తుంటే వేళ్ళు కాలుతున్నా ఆగేవాడివి కాదు. ఆ రోజు అమ్మ అందరికీ ఊరికే పెట్టిందట.

ఇప్పుడు? మొన్న అదే నూరు మీటర్లు, మొదటి రౌండే దాటలేదు. నా పక్క లేన్‌లో పరిగెత్తిన పిల్ల అయిపోయాక వచ్చి, "మేడం, చిన్నప్పుడు మీ ఫొటో నా గదిలో ఉండేది" అంది. ఏమనాలి దాన్ని? థాంక్యూ అన్నాను.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "ఒసే కెట్టీ, రేపు నువ్వొక్కదానివేనా, గుంపులోనా?" అంది. గుంపులోనమ్మా అన్నాను. "పోన్లే, గుంపులో అయితే పడినా ఎవరో ఒకళ్ళు లేపుతారు" అంది.

ఆ కొరాలీని చూశావా, మా రిజర్వు పిల్లని? లిల్ నుంచి వచ్చింది, చక్కటి పిల్ల. పొద్దుట్నుంచీ బూట్లు విప్పలేదు. నేను కాస్త కుంటితే చాలు లేచి నిలబడుతుంది. మళ్ళీ సిగ్గుపడి కూర్చుంటుంది. దాని తప్పేముంది, నేనైనా అంతే.

అసలు సంగతి చెప్తా విను. హీట్స్ అయ్యాక కోచ్ దెలనోయ్ గారు నన్నడగలేదు, ముందు ఓర్లాన్‌ని అడిగారు. "కెట్టీతో నీకు సరిపోతుందా, కొరాలీని దింపమంటావా?" అని. నేను తలుపవతలే ఉన్నాను. అదేమందో తెలుసా? "అక్కతోనే సార్. టేపు నేను చూసుకుంటాను" అంది.

చూసుకుంది. ఎలా చూసుకుందో చూశావుగా. ఆ టేపుతో బ్యాటన్ మాత్రం భద్రంగా చేతులు మారుతుంది. కానీ అది లేచీ లేవకముందే నేను దాని మీదికొచ్చి పడతాను. అక్కడే పోయింది మెడల్. అయిదో స్థానమో ఆరో స్థానమో. అదే కొరాలీ అయితే టేపు ఎప్పటి చోటికి పోతుంది, ఇంకా దూరం కూడా పోతుంది. ఆ సంగతి ఓర్లాన్‌కి తెలీదా?

దానికి ఈ పోటీల్లో ఒంటరి పరుగు కూడా లేదు బాబాయ్. ఒక్క స్థానంలో తప్పిపోయింది. ఉన్నదల్లా ఈ రిలే ఒక్కటే. నేను వయసులో ఉన్నప్పుడు ఒక మెడల్ ఒక్కదాన్నే తెచ్చుకున్నాను, తర్వాత నలుగురితో రెండు తెచ్చుకున్నాను. దానికి ఇంతవరకూ ఒక్కటీ లేదు.

పారిస్ వచ్చిన మొదటి చలికాలం అది నా గదిలోనే ఉండేది. ఇంటి మీద బెంగతో తిండి ముట్టేది కాదు. కోడికూరలో మా దీవి మసాలా, కొలంబో పొడి వేసి వండి కూర్చోబెట్టి తినిపించాను. ప్రతి పరుగుకీ ముందు దాని జడలు నేనే అల్లుతాను, ఇవాళా అల్లాను. అల్లుతున్నంతసేపూ తలొంచుకునే ఉంది. నేనేమో పరుగంటే భయం అనుకున్నాను. అన్నం పెట్టినందుకు ఇలా తీరుస్తుందా బాకీ? నేనడిగానా దాన్ని?

వెళ్ళి దులిపేద్దామని లేచాను కూడా. ఏమని దులపను? నన్నెందుకు ఉంచమన్నావే అనా? ఉంచమనే కదా లోపల నేనూ మొక్కుకుంటున్నది. సిగ్గు లేదు బాబాయ్ నాకు. ఇవాళ తప్పుకుంటే మళ్ళీ ట్రాక్ ఎక్కేది లేదని తెలుసు. నీళ్ళ సీసా పట్టుకుని గోడవతల నిలబడి మిగతావాళ్ళకి చప్పట్లు కొట్టాలి. వాళ్ళు గెలిస్తే పొద్దున పరిగెత్తానని నాకూ ఒక మెడల్ పంపిస్తారు, ఆఫీసులో ఎవరో కవర్లో పెట్టి. అమ్మకి ఏమని చెప్పను?

అబ్బా, అక్కడే.

అవును, అక్కడే. ఇంతసేపూ ఏం లేదు, ఏం లేదు అన్నాను కదా. ఉంది. రెండు వారాల్నుంచీ ఉంది నొప్పి. నీ వేళ్ళకి తెలీదా ఏంటి, మర్యాదకి ఊరుకున్నావు గానీ. నువ్వూ ఓర్లాన్‌లాగే తయారయ్యావు.

బూట్ల చప్పుడు దెలనోయ్ గారిదే. బాబాయ్, నువ్వే చెప్పు ఆయనకి. కండ పట్టేసింది, పరిగెత్తితే తెగుతుంది అని చెప్పు. ఓర్లాన్ పేరెత్తకు, టేపు మాట అసలే వద్దు. ఆయన నావైపు తిరగకముందే చెప్పెయ్యి. నన్నడిగారంటే మాత్రం పరిగెడతాననే అంటాను.