అమ్మిన చెయ్యి

మధ్యాహ్నం మూడు గంటలకు మద్యం దుకాణం షట్టరు లోపలి నుంచి కిందికి దిగింది. లోపల ముగ్గురే మిగిలారు: కౌంటరు వెనక షాపావిడ, తల పగిలి నేల మీద కూలబడ్డ ఆవిడ మొగుడు, చేతిలో గొడ్డలితో కలప మిల్లు మనిషి. సరుకు కొనడానికి మాత్రం అతను రాలేదు.

"ఎవరి చేత్తో అమ్మారు? ఆఖరిసారి అడుగుతున్నా. ఎవరి చేత్తో?"

"నాయనా, ముందు ఆయన తలకి గుడ్డ కట్టనీ. నీ కాళ్ళు పట్టుకుంటా. నెత్తురు ఆగట్లేదు."

"అక్కణ్ణించి కదిలావో, ఇంకోటి పడుతుంది ఆ తల మీద."

"ఉన్నదొక్కటే తల బాబూ. దాన్ని ఎన్నిసార్లని పగలగొడతావు?"

"ఏమండీ, మీరు నోరు మూసుకోండి! ఆ నోరే మిమ్మల్ని ఇంతదాకా తెచ్చింది."

"హాస్యాలా ముసలోడా? నా తమ్ముడు ఆస్పత్రిలో పడున్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. నిన్న భోజనాల టైములో మీ కొట్లో క్వార్టరు కొన్నాడు. తాగాడు. తిన్నగా వెళ్ళి రంపం దగ్గర నిలబడ్డాడు. ఇంకా కళ్ళు తెరవలేదు. నవ్వొస్తోందా నీకు?"

"అయ్యో..."

"అయ్యో అనకు! ఆ మాట ఇంకోసారి వినబడిందంటే చంపేస్తా."

"మీ తమ్ముడెవరో మాకేం తెలుసు నాయనా? రోజుకి వందమంది వస్తారు, పోతారు. అందరి మొహాలూ..."

"తెలీదూ?"

"వద్దు! ఆ అర వద్దు! అయ్యో, సీసాలన్నీ కింద పడగొట్టేశావే!"

"ఇప్పుడు గుర్తొచ్చాడా? ఇంకా రెండు అరలున్నాయి."

"నా కళ్ళద్దాలు... నీ కాలి కింద... నాయనా, కాలు తియ్యి, నా కళ్ళద్దాలు..."

"నీకెందుకు అద్దాలు? మూతి మీద నూగు కూడా రాని పిల్లాడికి మందు పోసినదానివి. ఎలాగూ గుడ్డిదానివే."

"ఒసేవ్, చెప్పెయ్యి. దాచి ఏం లాభం?"

"మీరూరుకోండి."

"సన్నగా, పొడుగ్గా ఉంటాడు. జుట్టు నిండా రంపపుపొట్టు. అవునా బాబూ?"

"ఆ! వాడే. చూశావా, మీకు తెలుసు! ఇంతసేపూ తెలీదు తెలీదంటూ..."

"భయమేసింది నాయనా. గొడ్డలితో వచ్చినవాడికి ఎవరైనా ఏం చెప్తారు? తెలుసు. వస్తాడు. పిన్నీ, పిన్నీ అంటాడు నన్ను."

"పిన్నా? పిన్నివైతే విషం పోస్తావా?"

"నెల్రోజులుగా వస్తున్నాడు. ఒక్కోరోజు ఇక్కడే గట్టు మీద కూచుని నా డబ్బాలోంచి ఇంత అన్నం తినేవాడు. అన్నం తిను, అది వద్దురా అని నేను..."

"అని? అని ఏం చేశావు? వద్దురా అంటూనే సీసా చేతికిచ్చావు!"

"బాబూ, మేమిద్దరం..."

"నువ్వు మాట్లాడకు. ఏయ్, ఇటు చూడు. వాడికి చెయ్యి పోయింది. నాకు చెయ్యి కావాలి. సీసా ఇచ్చిన చెయ్యి. అంతే. అది తీసుకుని పోతా, తర్వాత పోలీసులు నన్నేం చేసుకుంటారో చేసుకోనీ. నిన్న మధ్యాహ్నం కౌంటర్లో ఎవరు?"

"నేను."

"నేను బాబూ. అది అబద్ధమాడుతోంది."

"మీరు లోపల అన్నం తింటున్నారు! నేనే ఇచ్చాను నాయనా. నా చేత్తోనే."

"పిచ్చిదానా, నీకు పై అర అందుతుందా? క్వార్టర్లు పై అరలో కదా ఉండేది. నేనే ఇచ్చాను."

"స్టూలు వేసుకుని తీశాను."

"స్టూలు కాలు విరిగి పదిరోజులైంది."

"ఆపండి! ఇద్దరూ కలిసి నాతో ఆటలాడుతున్నారా? సరే. ఇద్దరివీ తీస్తా. ముందు నీది. పెట్టు కౌంటరు మీద. కుడిది."

"నాయనా..."

"పెట్టు!"

"ఇదిగో. పెట్టాను. కొట్టు. ఆయన్ని మాత్రం వదిలెయ్యి. ఆయన చక్కెర జబ్బు మనిషి, చిన్న దెబ్బే మానదు."

"తియ్యవే చెయ్యి! బాబూ, ఆగు, నన్ను లేవనీ... ఒక్క నిమిషం... చెయ్యి నాది, నాది తీసుకో..."

"కూచో! లేచావంటే..."

"అమ్మా! నడుం... నడుం మీద తన్నకు బాబూ... ఒక్కటి అడుగుతా, చెప్పు. నీ తమ్ముడికి ఎన్నేళ్ళు?"

"ఎన్నేళ్ళా? అమ్మేటప్పుడు అడగనివాడివి ఇప్పుడడుగుతున్నావా? పదహారు! మా అమ్మ మీద ఒట్టు, పదహారు నిండి నాలుగు నెలలు!"

"ఏమన్నావు? ఎవరి మీద?"

"మా అమ్మ మీద. పోయి ఆరేళ్ళయింది. వీణ్ణి నా చేతుల్లో పెట్టి పోయింది. ఏం, నీకెందుకు?"

"ఏం లేదు బాబూ. నువ్వు షట్టరు దించినప్పట్నించీ అనుకుంటున్నా, ఈ గొంతు ఎక్కడో విన్నానే అని."

"నా గొంతు నువ్వెక్కడ వింటావు? ఈ గడప తొక్కడం ఇదే మొదలు. చుక్క ముట్టను నేను. వాడి కోసమే ముట్టలేదు. గోడ మీద బోర్డు పెట్టారే పెద్ద పెద్ద అక్షరాలతో, ఇరవై ఒకటి నిండనివారికి అమ్మబడదని! ఇదేనా అమ్మబడకపోవడం? ఇదేనా?"

"బోర్డు పగలగొట్టు నాయనా, ఎన్నిసార్లైనా పగలగొట్టు. కానీ మేం అడగకుండా ఇవ్వలేదు. కార్డు అడిగాం."

"కార్డా? ఏ కార్డు?"

"వాడి జేబులోది. మిల్లు కార్డు. ఫోటో వాడిదే, ముద్ర మిల్లుదే. అందులో ఇరవై ఒక్క ఏళ్ళుంది."

"అది..."

"ఏం, అది దొంగ కార్డా?"

"దొంగదేం కాదు. అది మిల్లు కోసం."

"మిల్లు కోసమంటే?"

"పద్దెనిమిది నిండితేగానీ రంపం దగ్గరికి రానివ్వరు. పొట్టు ఊడ్చేవాడికి ఏమిస్తారు? ఏమీ ఇవ్వరు. మేస్త్రీయే చెప్పాడు, ఎవరూ వేలెత్తకుండా ఐదేళ్ళు ఎక్కువేయించు, తనిఖీవాళ్ళు ఎప్పుడడిగినా అదే చెప్పు, అటూ ఇటూ తడబడకు అని. అందరూ అలాగే చేస్తారు. మిల్లులో సగంమంది వయసులు అలాంటివే. దానికీ మీకూ ఏంటి సంబంధం?"

"ఏంటి సంబంధమా?"

"ఆ వయసు మిల్లుకి! మందుకి కాదు! ఇంట్లో వాడికి పదహారే!"

"మీ గేటులో ఇరవై ఒక్క ఏళ్ళవాడు వీధి దాటి మా గడపకొచ్చేసరికి పదహారేళ్ళవాడెలా అవుతాడయ్యా?"

"మొహం చూస్తే తెలీదా? మనుషులు కారా మీరు? కార్డేనా చూసేది? మొహం లేదూ?"

"మిల్లులో మొహం ఎవరూ చూడలేదా నాయనా?"

"నోర్ముయ్! చెయ్యి వెనక్కి లాగకు. అక్కడే ఉంచు."

"ఉంచాను. లాగట్లేదు. వణుకుతోంది, అంతే. వాడి చేతులూ ఇలాగే వణికేవి."

"ఎవడివి?"

"నీ తమ్ముడివి. మొదటిరోజు అడిగాను, ఇంత చిన్నవాడివి నీకెందుకురా ఈ పాడు అలవాటని. ఆ చక్రం తిరుగుతుంటే నా చేతులు వణుకుతాయి పిన్నీ, ఒక్క గుక్క పడితే నిలబడతాయి అన్నాడు."

"అబద్ధం. వాడికి భయం లేదు. నేను పోగొట్టాను."

"చెంప మీద ఆ కమిలిన మచ్చ అందుకేనా?"

"ఏం మచ్చ? ఏం మచ్చ? ఒకరోజు పనికి పోనన్నాడు. ఒక్కటిచ్చాను. అన్నని. అన్న కొట్టడా? భయం భయం అని మూల కూచుంటే బతికేదెలా? ఈడ్చుకెళ్ళి రంపం ముందు నిలబెట్టాను. రెండోరోజుకి కుదురుకున్నాడు. వణకడం మానేశాడు."

"మానేశాడా? ఎలా మానేశాడనుకున్నావు?"

"నేను... నా చెయ్యి చూసి..."

"వద్దే, ఇంక వాణ్ణి రెచ్చగొట్టకు. వాడి చేతిలో గొడ్డలుంది."

"ఉండనీండి! చెప్పనీండి నన్ను. నెల్రోజులుగా ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇవ్వకపోతే చెయ్యి రంపంలో పెడతాడేమోనని భయం, ఇస్తే ఏమవుతాడోనని భయం. అమ్మింది నేనే, తప్పు నాదే, కాదన్నానా? ఇదిగో చెయ్యి. కానీ నన్ను గుడ్డిదాన్ననకు."

"తప్పు నీదే! నీదే! ఇప్పుడొప్పుకున్నావుగా! అనుమానం వచ్చిందిగా నీకు? వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలని తోచలేదా? నన్నొక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అడిగుంటే! చెవి పట్టుకుని లాక్కుపోయేవాణ్ణి. వాడి చెయ్యి వాడికుండేది."

"అడిగితే నిజం చెప్పేవాడివా బాబూ?"

"చెప్పనా? నా తమ్ముడి సంగతి నేను చెప్పనా? మా అమ్మ మీద..."

"ఆగు. ఒట్టు పెట్టకు."

"ఏం?"

"నీ వెనక, గల్లాపెట్టె పక్కన ఎర్ర అట్ట పుస్తకం ఉంది. అది తియ్యి."

"పుస్తకాలు చూడ్డానికి రాలేదు నేను."

"వయసుల పుస్తకం నాయనా. రెండేళ్ళ కిందట ఒకడి గడ్డం చూసి నమ్మి సీసా ఇచ్చాం. గడ్డం పెద్దది, వయసు చిన్నది. ఎక్సైజువాళ్ళు నెల్రోజులు షాపు మూయించారు. అప్పట్నించీ ఎవరి మీద అనుమానమొచ్చినా ఈయన అందులో రాస్తారు. ఒకసారి తేలిపోతే ఇంక మళ్ళీ అడగం."

"రాసుకుంటే? రాసుకుంటే చెయ్యి మొలుస్తుందా?"

"మొలవదు బాబూ. అయినా చదువు. పోయిన నెల, ఏడో తారీఖు."

"ఆవిణ్ణి చదవమను."

"దాని అద్దాలు నీ చెప్పు కింద ఉన్నాయి. నా కళ్ళ నిండా నెత్తురు. చదవగలిగేవాడివి నువ్వొక్కడివే మిగిలావు."

"ఏమండీ, ఏముంది అందులో? నాకెప్పుడూ చెప్పలేదే."

"నీకు చెప్తే మళ్ళీ ఏడుస్తావని. చదవనీ."

"ఇదేం కోడిగీతలు... ఏడు... ఇదిగో. 'మిల్లు పిల్లాడు. కార్డులో ఇరవై ఒకటి. మొహం లేత. అనుమానం. ఇవ్వలేదు.' చూశావా! ఇవ్వలేదని రాసి, మళ్ళీ..."

"కిందికి చదువు."

"'గట్టు మీద కూచుని కదలడు. ఏడుస్తున్నాడు. కార్డు వెనక ఇంటి పెద్ద నంబరు ఉంది. ఫోను చేశాను.'"

"చేశారా? ఎవరికి చేశారండీ?"

"నువ్వుండు. చదువు బాబూ."

"'మీ పిల్లాడికి ఎన్నేళ్ళండీ అని...' ఇది... ఇది నువ్వు ఇవాళ రాసుంటావు."

"ఈ తలతోనా?"

"షాపు అని చెప్పలేదు నువ్వు! ఎక్కణ్ణించని చెప్పలేదు!"

"చెప్పబోయాను. పెట్టేశావు."

"నాయనా... గొడ్డలి... గొడ్డలి కింద పడింది, నీ కాలి మీద..."

"పడనీ. ఆపద్దు బాబూ. నాకు రాతపిచ్చి అని మా ఆవిడ తిడుతుంది, ఎవరేమన్నా ఉన్నదున్నట్టు రాస్తానని. ఇంక ఒక్క ముక్కే మిగిలింది. చదివేసి షట్టరు ఎత్తు."

"'ఇంటి పెద్ద మాట మీద సీసా ఇచ్చాను. ఆయన అన్న మాట: ఇరవై ఒకటి నిండాయి సార్. మా అమ్మ మీద ఒట్టు.'"