మణికట్టు కొలత

పెళ్లయి నలభై రోజులు. మధ్యాహ్నం వంటింట్లో బల్ల దగ్గర భార్యాభర్తలు, పొయ్యి దగ్గర అత్తగారు. కోడలు అప్పుడే ఫోన్ తెరిచింది.

"ఏమండీ, వచ్చేసింది. ఉద్యోగం వచ్చేసింది. మందుల పరీక్షశాలలో కెమిస్టు. అత్తయ్యా, విన్నారా? కెమిస్టట, నేనట."

"విన్నానమ్మా. చాలా సంతోషం."

"ఎప్పుడు చేరాలట?"

"రేపేనండీ, తొమ్మిదింటికల్లా. తెల్లకోటు వాళ్లే ఇస్తారట, జేబుమీద పేరు కుట్టి మరీ."

"అయితే నేనూ ఒకటి ఇవ్వాలి. బంగారు కడియం. ఇలా కూర్చో, చెయ్యి చాపు."

"అడక్కుండానే? అత్తయ్యా, మీ అబ్బాయికి ఎండదెబ్బ తగిలిందేమో చూడండి. అత్తయ్యా?"

"పాలు పొంగుతున్నాయమ్మా."

"దారం వద్దు, సాగుతుంది. ఆ కాగితం ముక్క ఇటివ్వు."

"ఉండండి, గాజుల కొలత నాకు తెలుసు. బొటనవేలు లోపలికి మడిచి, ఇదిగో, ఈ కణుపుల చుట్టూ చుట్టాలి. చెయ్యి వెడల్పు అక్కడే కదా."

"అక్కడ కాదు. మణికట్టు దగ్గర."

"మణికట్టు దగ్గర కొలిస్తే చేతికెలా ఎక్కుతుందండీ?"

"ఎక్కక్కర్లేదు. రెండు ముక్కలు చేసి, చేతిమీదే పెట్టి కంసాలి అతికేస్తాడు. కదలకు."

"మరి తీయాలంటే?"

"ఎందుకు తీయడం? అమ్మ తీసిందా ముప్పై ఏళ్లలో? నాన్న ఇలాగే కొలిచారు. ఏమ్మా?"

"ఇలాగే."

"అబ్బ, మరీ బిగించేస్తున్నారు. కాస్త వదులుగా..."

"వదులుంటే జారుతుంది. పదిహేను సెంటీమీటర్లు. ఇంకో అర తగ్గిస్తే సరిగ్గా కూర్చుంటుంది."

"ఒక్కమాటండీ. వాళ్లు పంపిన నియమాల్లో రెండో పేజీ... చేతులకి ఏమీ ఉండకూడదట. ఉంగరమైనా సరే, గేటు దగ్గరే ఆపేస్తారట."

"చదివాను."

"ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు బట్టలు ఆరేస్తున్నప్పుడు, నీ ఫోన్‌లో. చదివి, చదవనట్టే పెట్టేశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు మురిసిపోతుంటే చూద్దామని."

"అయితే... కొక్కెం పెట్టించండి. ఆదివారాలు పెట్టుకుంటాను."

"కొక్కెం ఉంటే ఊడుతుంది. కంసాలికి ఫోన్ చేసొస్తా. ఆ కాగితం పారేయకు."

"అత్తయ్యా, వేళాకోళం కదూ? ఆయన ఆటపట్టిస్తున్నారు, కదూ?"

"ఇలా రా. నా చేతికున్న ఈ కడియం కొంచెం పైకి జరిపి చూడు."

"జరగడం లేదు."

"జరగదు. నేను నర్సునమ్మా. ఆపరేషన్ గదిలోకి మోచేతుల దాకా ఏమీ లేకుండా వెళ్లాలి. పదకొండు నెలలు వెళ్లాను."

"నర్సా? నాకెవరూ చెప్పలేదే."

"ఈ ఇంట్లో ఎవరు చెప్తారు? నాకూ ఉద్యోగం పర్మనెంటయినందుకే బహుమతి అన్నారు మీ మావయ్య. నీలాగే నేనూ చెయ్యి చాపాను."

"కోయించుకోలేకపోయారా?"

"కోసేవాణ్ణి ఇంటికి పిలవడానికి నాకేం..."

"ఏంటి గుసగుసలు?"

"కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నాన్రా."

"అంతా కుదిరింది. తయారుగా ఉన్న కడియం ఒకటి తగ్గించి తెస్తాడట. రేపు పొద్దున ఏడింటికి కంసాలి ఇంటికే వస్తాడు. అరగంట పని. తర్వాత నువ్వు రాలేవని మీ ఆఫీసుకి నేనే చెప్తాను."

"సరేనండీ."

"అంత తేలిగ్గా ఒప్పుకున్నావే."

"బంగారం కదండీ."

"అందుకే నువ్వంటే ఇష్టం. స్నానం చేసొస్తా, అన్నం పెట్టు."

"అత్తయ్యా, ఇప్పుడు నేనేం చేయను? రేపు వెళ్లకపోతే ఇంకొకళ్లని తీసుకుంటారు."

"నీళ్ల చప్పుడు వినిపిస్తోందా?"

"ఆ."

"అయితే విను. రేపు తెల్లవారుజామున ఐదున్నరకి వెనక తలుపు గడియ తీసి ఉంచుతాను. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లు. మీ ఆఫీసు గేటు దగ్గరే కూర్చో, తొమ్మిదయ్యేదాకా కదలకు."

"మరి కంసాలి వస్తే? ఆయన మిమ్మల్ని..."

"రానీ అమ్మా, వాణ్ణే కదా ముప్పై ఏళ్లుగా ఎవరూ పిలవలేదు. రేపు నా చెయ్యి చాపి, ఈ కడియం కోయమంటాను."